అక్క పాడుతున్న ఫోటో

నవంబర్ 8

అక్కకి గొంతు కాన్సరేనట. స్వరపేటిక మొత్తం తీసేయాలి... "ఆవాజ్ నహీ రహేగీ" అన్నాడు డాక్టరు, ఇక గొంతే ఉండదని. బావ అక్కడే ఏడ్చేశాడు. అక్క మాత్రం ఆపరేషన్ ఎప్పుడని అడిగింది. నర్సు కదా, ధైర్యం నటించడం వచ్చు. లిఫ్టు దగ్గర నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నవంబర్ 12

ఆదివారం చర్చిలో సంగీత సభ. బుధవారం ఆపరేషన్. పాడొద్దంటే వినదు. "మళ్ళీ ఎప్పుడు పాడతాన్రా..."

నవంబర్ 14

అక్క ఫోన్. బొంగురు గొంతు, సగం మాటలు గాలే.

"వీడియో ఎవర్నీ తియ్యనివ్వకు. రేపు నా గొంతు నేనే వినాలంటే నా వల్ల కాదు... ఫోటో చాలు. పాడుతున్నది, ఒక్కటి. గోడకి పెట్టుకుంటా."

ఫోటోలు తీయడమే నా పని, నయా రాయపూర్ మైదానం కచేరీల్లో ఎంతమంది గాయకులకి తీశానో. ఇంట్లో మనిషికి ఒక్కటీ లేదు. సిగ్గేసింది.

నవంబర్ 17

పాడింది. రెండో చరణంలో గొంతు జీరబోయి ఆగింది. కీబోర్డు అబ్బాయి అదే ముక్క మళ్ళీ వాయించాడు, కోరస్ అందుకుంది, అక్క కళ్ళు మూసుకుని వాళ్ళలో కలిసిపోయింది. వెనక బెంచీల్లో ముక్కులు చీదుతున్న చప్పుడు. నాకూ కళ్ళు మసకబారాయి. కెమెరా మీద చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

నవంబర్ 18

కంప్యూటర్లో నిన్నటి ఫోటోలు చూస్తున్నా. అన్నీ చూశా. మళ్ళీ చూశా.

పాడేటప్పుడు నోరు బార్లా తెరిస్తే ముఖం వికారంగా వస్తుంది. మైకు మూతిని కప్పేస్తుంది. అందుకే లైను ముగిసి, మైకు కాస్త దిగాక నొక్కుతాం. అడిగేవాళ్ళకల్లా నేనే గొప్పగా చెబుతుంటా, స్టేజి ఫోటో కిటుకు అదేనని.

అక్క వింటోంది. ఊపిరి తీసుకుంటోంది. నవ్వుతోంది. ఎంత అందంగా ఉందో. అన్నిట్లోనూ పెదాలు మూసే ఉన్నాయి.

పాడుతున్న ఫోటో ఒక్కటీ లేదు.

నవంబర్ 19

వార్డులో అడిగింది, ఎలా వచ్చాయని. బాగొచ్చాయన్నా. తెల్లారితే ఆపరేషన్, పాడుతున్నది ఒక్కటీ లేదని చెప్పడానికి నోరు రాలేదు.

నవంబర్ 20

ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఫర్వాలేదు.

డిసెంబర్ 9

మోవాలో అక్క వాళ్ళిల్లు. ఆసుపత్రి నుంచి వచ్చి రెండ్రోజులు. ఊపిరికని మెడకి పెట్టిన రంధ్రం మీద గుడ్డ కట్టు, దాని వెనకనుంచి శ్వాస చప్పుడు. ఫోటోలు ఇచ్చా.

ఒక్కొక్కటీ తీసి చూసింది. మళ్ళీ మొదట్నుంచి చూసింది. ఒకదానిమీద మూసిన పెదాల దగ్గర వేలు పెట్టి నా వైపు చూసింది.

"బాగున్నాయి గదా, హీరోయిన్లా ఉన్నావ్" అన్నాడు బావ.

అలవాటులో అలా... అని ఏదో గొణిగా.

అక్క కోప్పడలేదు. లేచి గోడ దగ్గర నిలబడింది. కెమెరా తియ్యమని చేత్తో చెప్పింది. మైకు పట్టుకున్నట్టు పిడికిలి పెట్టి, తల కాస్త ఎత్తి, నోరు పూర్తిగా తెరిచింది. కట్టు కింద గాలి బుసమంది, అంతే. బావ వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

నొక్కా.

డిసెంబర్ 11

వాట్సాప్‌లో అక్క: "పంపవేం? అదే గోడకి."

ఫోటో చక్కగా వచ్చింది. వెలుతురు బాగుంది, కళ్ళు బాగున్నాయి. చూసినవాళ్ళు పాడుతోందనే అనుకుంటారు. నేను మాత్రం దాన్ని రెండు క్షణాలకి మించి చూడలేకపోతున్నా.

ఇంకా పంపలేదు.