నీ గిటార్‌కు కొత్త తీగలు

బాపూ,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఒళ్లో పెట్టుకుని వాయించే నీ పాత గిటార్‌కు ఈ రోజు కొత్త తీగలు వేశాను.

"మీ బాపు ఏ శ్రుతిల పెట్టెటోడు, బేటా?" అని హుస్సేనీ ఆలంలో గిటార్లు బాగుచేసే భాయ్ అడిగితే, తెలియదన్నాను.

"అయితే సన్న తీగలేసి శ్రుతి కిందికే పెట్టు. పాత చెక్క, ఎక్కువ బిగిస్తే మెడ ఇరుగుతది" అన్నాడు.

ఇంటికొచ్చి, ఒక్కో పాత తీగను మోగించి, విప్పి, ఆ స్వరానికే కొత్తది బిగించాను. ఏడాదిలో పాతవి సడలి స్వరం దిగిపోయి ఉంటుందని మూడోదాని దగ్గర తోచింది.

వంటింట్లోంచి అమ్మ, "గది గాదు బిడ్డా. మీ బాపు ఇంకా పైకి పెడ్తుండె" అన్నది.

"మెడ ఇరుగుతదేమోనే."

"నేనింటున్న గద, నువ్వు తిప్పు."

తీగ బిగించే బిరడా తిప్పాను. చెక్క కిర్రుమంది. అమ్మ ఇంకా చాలు అనలేదు.