అడగకుండా మోపిన సిలువ

పదిహేడో తారీఖు, గురువారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. అన్న పడక మీది దుప్పటి మార్చి, పాతది ఉతికి, బయట ఆరదు కాబట్టి కొట్టు లోపల దూది బస్తాల మీదుగా తాడు కట్టి ఆరేశాను.

వీలునామా ఇలా మొదలుపెట్టకూడదని లాయరు గారు అంటారు. ఏ కాగితం మీద పెన్ను పెట్టినా తారీఖు, వాతావరణం, చేసిన పని ముందు రాయడం నాకు అలవాటు. అవసరం లేదనుకున్నవాళ్ళు పై నాలుగు ముక్కలూ వదిలేసి ఇక్కడి నుంచి చదువుకోవచ్చు.

పరుపులు కుట్టి బతికినవాణ్ణి, ఈ ఇంటిని, ఇంటి ముందు గదిలోని కొట్టును స్వార్జితంగా సంపాదించుకున్నవాణ్ణి, పెళ్ళీ పిల్లలూ లేనివాణ్ణి అయిన నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించకుండా, సొంత దస్తూరితో రాసుకుంటున్నది ఇది. వచ్చే వారం నాకు గుండె ఆపరేషను. లేచి ఇంటికి వస్తానా అని అడిగితే డాక్టరమ్మ నా మొహం చూడకుండా కాగితాలు సర్దుకుంది. నా మతి సరిగా ఉందనడానికి రుజువు కావాలంటే, నాకు చాలా కోపంగా ఉంది. ఎవరి మీదో, ఎందుకో, తడుముకోకుండా వరసగా చెప్పగలను.

ఒకటి. నా తదనంతరం ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా చర్చిలో గంట కొట్టే ఆయనకి అప్పగిస్తున్నాను. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు వెళ్ళి నిద్ర లేపితే తప్ప లేవడు కాబట్టి అందరూ ఆయన్ని అలారం అంటారు. అయినా ఆయన్నే ఎందుకు పెట్టానంటే, సంఘంలో నన్ను ఏనాడూ పొగడని మనిషి ఆయనొక్కడే. నన్ను మామూలు చెక్క పెట్టెలో పూడ్చాలి. పెట్టె దగ్గర ఎవరూ నా గురించి సాక్ష్యం చెప్పకూడదు. త్యాగం, సమర్పణ, తన్ను తాను ఉపేక్షించుకోవడం, ఈ మాటలు ఎవరి నోట వచ్చినా వెంటనే గంట కొట్టి ఆపించే సర్వాధికారం అలారానికి ఇస్తున్నాను. ఆ రోజైనా మేలుకుని ఉండమని మనవి.

రెండు. కొట్టులోని సామాను, అంటే దూది ఏకే విల్లు, పొడుగు సూదులు, కత్తెరలు, కుట్టు మిషను, మైనం ముద్దతో సహా, నా దగ్గర పనిచేసే సూదమ్మకి సర్వహక్కులతో చెందాలి. భర్త పోయిన ఏడాది పనిలోకి వచ్చింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఆమె కుట్టు నా కుట్టు కంటే బిగువు. "బాబాయ్, నువ్వు నవ్వితే దూది ఎగిరిపోతుందని భయమా?" అని రోజూ అడుగుతుంది. పెద్ద కత్తెర సానపెట్టించాలి. నవ్వు సంగతి ఆలోచిస్తాను.

మూడు. పై గదిలో చెక్క మంచం మీద, పాత దుప్పటి కప్పి ఉన్న జంట పరుపు మా చెల్లెలికి. మేలురకం దూది, నీలం చారల గుడ్డ, అంచు చుట్టూ రెండు వరసల కుట్టు. ఆమె పెళ్ళికని కుట్టాను. పెళ్ళి జరగలేదు. ఎందుకు జరగలేదో ఆస్తి పత్రంలో రాయాల్సిన పని లేదు. అయినా రాస్తున్నాను, ఇంకెక్కడా ఎవరూ రాయరు కాబట్టి.

మా అన్న పాస్టరు. ఆయన నోరు తెరిస్తే చర్చి బయట మెట్ల మీద కూడా జనం కూర్చునేవారు. మా అమ్మ మంచాన పడ్డ ఏడాది, ఒక ఆదివారం, క్రీస్తును పోలి నడుచుకోవడమంటే తనకంటూ ఏదీ మిగుల్చుకోకపోవడమే అని గంటసేపు చెప్పాడు. చివర్న గొంతు తగ్గించి, "నా చెల్లెలు పెళ్ళి మానుకుని, తల్లి సేవకి తన జీవితాన్ని అర్పించుకుంది" అని ప్రకటించాడు. సంఘమంతా ఆమేన్ అంది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. చెల్లెలు నాకు పక్క వరసలో కూర్చుని ఉంది. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది. తర్వాతి పాట మొత్తం పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడింది.

ఇంటికొచ్చాక, "చిన్నన్నా, అంతమంది ముందు అనేశాడుగా. ఇప్పుడు నేను కాదంటే పెద్దన్న మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?" అంది. తన మొహం సంగతి అనుకోలేదు. అమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుంది. అమ్మ పోయాక అన్న ఇంట్లో వంట. వదిన జబ్బుపడితే వదిన మంచం పక్కకి అదే స్టూలు. పెళ్ళి కుదిరిన పోస్టాఫీసు ఆయన చాలాకాలం ఎదురుచూసి వేరే పెళ్ళి చేసుకున్నాడు. ఆయన తప్పేం లేదు.

దూది ఊరికే ఉంటే గడ్డకడుతుంది. అందుకని ఏటా ఒకసారి ఆ పరుపు విప్పి, ఏకి, ఎండబెట్టి మళ్ళీ కుట్టాను. ఇప్పటికీ కొత్తదే. ఇద్దరికి సరిపోయే పరుపు. చెల్లెలు దాని మీద అడ్డంగా పడుకున్నా అడిగే హక్కు ఎవరికీ లేదు.

నిరుడు వదిన పోయింది. అన్నకి పక్షవాతం వచ్చింది. చెల్లెలు మళ్ళీ స్టూలు వెతుక్కునేలోపు నేను అన్నని ఇక్కడికి తెచ్చేసుకున్నాను. అప్పుడు ఆమె, తల నెరిశాక, మొట్టమొదటిసారి ఒక గది తీసుకుంది. మందుల షాపు పైన. ఒకటే కిటికీ. దానికి పసుపుపచ్చ పరదా తనే ఎంచి కొనుక్కుంది. "చూడు చిన్నన్నా, నాకో తాళంచెవి!" అని నా కళ్ళముందు ఆడించింది. నేను పోతే ఆ తాళంచెవి ఏమవుతుందన్నదే నా బెంగ. ఈ కాగితమంతా దానికోసమే.

నాలుగు. మా అన్నకి నా చాప. పాతదే. అంచు చిరిగింది.

ఆయన దగ్గరికి వచ్చే ప్రసంగీకులందరినీ, "మా తమ్ముడి దగ్గర పరుపులకేం కొదవ?" అని నా ఇంటికి పంపేవాడు. ఉన్న పరుపులన్నీ గిరాకీలు కుట్టమని ఇచ్చినవి. కాబట్టి నాది వాళ్ళకిచ్చి నేను చాప వేసుకునేవాణ్ణి. ఒక ఆదివారం దాన్నీ వేదిక ఎక్కించాడు. పరుపులు కుట్టే నా తమ్ముడు ప్రభువు కోసం చాప మీద పడుకుంటాడు, అని. నేను చాప మీద పడుకున్నది ప్రభువు కోసం కాదు. ఆయన పంపిన అతిథి నా పరుపు మీద బోర్లా పడి గురక పెడుతున్నాడు కాబట్టి. ఆ తర్వాత మళ్ళీ పరుపెక్కడానికి లేకుండా పోయింది. కొట్టుకొచ్చిన ప్రతివాడూ లోపలికి తొంగిచూసి, "అదేనా ఆ చాప?" అనేవాడు. ఒకావిడ దాన్ని ముట్టుకుని వెళ్ళింది.

నేను బడికి వెళ్ళలేదు. పాత పేపర్లు చూసి, దూది బస్తాల మీద అచ్చేసిన అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నాను. సువార్త మాత్రం వేలు పెట్టి నెమ్మదిగా చాలాసార్లు చదివాను. క్రీస్తు తన సిలువ తన భుజం మీద వేసుకున్నాడు. దారిన పోయే ఒకణ్ణి పట్టుకుని, అడక్కుండా అతని భుజాన అదే సిలువ మోపినవాళ్ళు సిపాయిలు. మా అన్న జన్మంతా చెప్పింది క్రీస్తు గురించి. చేసింది సిపాయి పని. అందుకే ఆయనకి చాప.

ఐదు. ఈ ఇల్లు అమ్మకూడదు. పై గది అద్దెకివ్వాలి. కొట్టు గదికి సూదమ్మ అద్దె ఇవ్వాలి. వచ్చినదంతా పెట్టి, ఇదే ఇంట్లో మా అన్నని చూసుకోవడానికి ఒక మగ నర్సుని కుదర్చాలి. ఆ మనిషి తెలుసుకోవలసినవి: అన్నకి కుడివైపు పడిపోయింది. మాటల్లో మిగిలింది ఆమేన్ ఒక్కటే. ఏదైనా కావాలంటే ఎడమ చేత్తో చెంచా పట్టుకుని స్టీలు గ్లాసు మీద కొడతాడు. జావ చల్లార్చి, చిన్న చెంచాతో, ఎడమ దవడ వైపు పొయ్యాలి. నడుము కింద పుండు ఉంది. అక్కడ ఒత్తుకోకుండా దూది తీసి, గుంట వదిలి ఆయన పరుపు కుట్టాను. గుంట అంచులు అణిగిపోగానే సూదమ్మ విప్పి ఏకాలి. గంట గంటకీ పక్కకి తిప్పాలి. తిప్పేటప్పుడు భుజం పట్టుకోవాలి, చెయ్యి లాగకూడదు. దీన్ని ప్రేమ అని ఎవరూ అనొద్దు. ఏర్పాటు, అంతే.

చెల్లెలికి కబురు పెట్టకూడదు. తనంతట తాను వచ్చినా అలారం గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపాలి.

ఆరు. పై ఏర్పాటుకి ఒక షరతు. అన్నని చక్రాల కుర్చీలో అదే వేదిక ఎక్కించాలి. చెల్లెలిని అడక్కుండా ఆమె జీవితాన్ని ప్రకటించావా అని సంఘపెద్ద అందరి ముందూ అడగాలి. ఆయన ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా నర్సుని పెట్టకూడదు. జావ పోసేవాడు లేకపోతే పోనీ.

ఇక్కడిదాకా రాసేసరికి మధ్యాహ్నమైంది. చెల్లెలు తడిసిన గొడుగుతో అన్న మందులు తీసుకుని వచ్చింది. నేను లోపల ఆయన్ని తిప్పి, వీపుకి పౌడరు వేసి వచ్చేసరికి, కొట్టులో నిలబడి ఈ కాగితాలు చదువుతోంది.

ఆరోది చదివి నవ్వింది. "చిన్నన్నా, పెద్దన్న దేనికి ఆమేన్ అనడు? మొన్న సబ్బు చూసి అన్నాడు. కిటికీలోకి పిల్లి వస్తే అన్నాడు. నువ్వడిగినా అంటాడు. ఆ ఆమేన్‌కోసం ఆయన్ని పస్తు పెడతావా?"

తర్వాత ఐదోది మళ్ళీ చదివింది. ఈసారి నవ్వలేదు.

"నన్ను గుమ్మంలోంచి గెంటించడానికి అలారాన్ని పెట్టావా? పెద్దన్నేమో నా నెత్తిన పెట్టాడు. నువ్వేమో దించుతున్నావు. నన్ను అడిగిన పాపాన పోయారా మీలో ఒక్కరైనా?"

గొడుగు విసిరేసింది. అది వెళ్ళి ఆరేసిన దుప్పటికి తగిలింది. బల్ల మీది నా రోజువారీ పుస్తకం అందుకుని పేజీలు తిప్పింది. "దుప్పటి మార్చాను, జావ పోశాను, గోళ్ళు తీశాను. రోజూ ఇదేనా? ఎవరికి బిల్లు వేద్దామని, చిన్నన్నా?"

మా చెల్లెలికి ఇంత కోపం ఉందని నాకు తెలియదు. దాని ముందు నాది ఏపాటి. పక్క గదిలోంచి అన్న ఆమేన్ అన్నాడు. ఆమె మళ్ళీ నవ్వింది. నేను నవ్వలేదు. నేను రాసిన సిపాయి మాట నా కాగితం మీదే, నా కళ్ళెదురుగానే ఉంది.

అప్పుడు అడిగాను. నేను పోయాక నువ్వేం చేద్దామనుకుంటున్నావమ్మా, అని. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. తన జీవితం గురించి తనని ఎవరైనా అడిగితే జవాబు వెతుక్కోవడం ఆమెకి అలవాటు లేదు. చివరికి చెప్పింది. చెప్పి, "రాయకు. రాస్తే డ్యూటీ అవుతుంది. ఇవ్వాలనిపిస్తే నేను ఇస్తాను, నా చేత్తో" అంది. కాబట్టి ఏం చెప్పిందో రాయను. ఆమె తన గదికే తిరిగి వెళ్ళిందని, తాళంచెవి ఆమె సంచిలోనే ఉందని మాత్రం సంబంధించిన వారందరికీ తెలియజేస్తున్నాను.

కావున, ఐదో అంశంలో చెల్లెలిని ఆపాలన్న రెండు వాక్యాలూ కొట్టేశాను. అలారం ఎవరినీ గుమ్మంలో ఆపనక్కర్లేదు. ఆరో అంశం మొత్తం కొట్టేశాను. నర్సుని ఏ షరతూ లేకుండా, నేను పోయిన రోజు నుంచే పెట్టాలి. కొట్టేసిన చోటల్లా సంతకం చేశాను. శుభ్రంగా మళ్ళీ రాసుకు రమ్మని లాయరు గారు అంటారు. రాయను. కొట్టేసినది కనపడాలి.

నాలుగో అంశం కొట్టలేదు. చాప ఆయనకే.

ఏడు. మిగిలినది నా కోపం. దాన్ని చరాస్తిలో చేర్చలేదు, ఎవరికీ రాసివ్వడం లేదు. తన్ను తాను ఉపేక్షించుకోవడమంటే ఇష్టమైనది వదులుకోవడమని అన్న చెప్పేవాడు. పరుపు లేకపోతే నాకు లోటనిపించలేదు. తిండి మీద యావ లేదు. నేను దాచుకుని, విప్పి, ఏకి, ఎండబెట్టి మళ్ళీ కుట్టుకున్నవి రెండే. ఒకటి చెల్లెలి పరుపు, రెండోది ఈ కోపం. నిజంగా వదులుకోవలసి వస్తే వదులుకోవలసింది ఇదే అని ఇవాళ తెలిసింది. వదిలేశానని అబద్ధం రాయను. ఆరో అంశం వరకు వదిలాను. మిగతాది పెట్టెలో నాతోపాటు పూడ్చండి.

ఈ వీలునామా నా చివరి మాట. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలేవీ లేవు. ఎదుటి కొట్టు గడియారాల ఆయన సంతకానికి వచ్చి, "ఏం పెద్దాయనా, ఇందులో మాకేమన్నా రాశావా?" అన్నాడు. రాస్తే సాక్షిగా పనికిరావన్నాను. "అయితే లేనట్టే" అని కళ్ళద్దాలు తుడుచుకుని సంతకం పెట్టాడు.

తారీఖు: పదిహేడు, గురువారం, సాయంత్రం. ముసురు తగ్గలేదు.

రాసినవాడు: (సంతకం) పరుపుల కొట్టు

సాక్షులు, నా కళ్ళముందు సంతకం చేసినవారు:
(సంతకం) ఎదుటి కొట్టు గడియారాల రిపేరు ఆయన
(సంతకం) చెల్లెలి గది కింది మందుల షాపు ఆవిడ

ఇవాళ్టి పనులు: పొద్దున అన్న దుప్పటి మార్చి ఉతికాను. మధ్యాహ్నం పక్కకి తిప్పి వీపుకి పౌడరు వేశాను. చెల్లెలి గొడుగు తగిలి మరకైన దుప్పటి మళ్ళీ ఉతికాను. గ్లాసు మీద చెంచా మోగుతోంది. సాయంత్రం అన్నకి... మళ్ళీ కొడుతున్నాడు. వెళ్ళొచ్చి రాస్తాను.