అమ్మ పేరుతో మొదటి బిందె

నాయనా,

పప్పు కుక్కర్‌లో ఉంది, చల్లారకముందే తిను. పదింటికి ట్యాంకర్ల ట్రస్టు వాళ్లొస్తే అమ్మ పేరుతో విరాళం ఇస్తామని మాత్రం మాటివ్వకు. అమ్మాయి వచ్చి చెబుతుందను.

నిన్న వాళ్లు నీళ్లు పోస్తున్నామన్న కాలనీకి పోయి చూశాను. ట్యాంకర్ ఎన్నాళ్లకోసారి వస్తుందని ఒక పెద్దమ్మను అడిగాను. "ఫొటోలు తీసిన దినం వచ్చిందమ్మా, మళ్ల రాలే" అంది. మరి నీళ్లెట్ల అన్నాను. "రాచర్ల నుంచి నాగరత్నమ్మ అని ఒకామె, ఇంకా నలుగురు ఆడోళ్లు వచ్చినారు. చెడిపోయిన బోరింగు విప్పి బాగుచేసి పోయినారు" అంది. అంత బరువైన పైపులు వాళ్లే పైకి లాగారట! సామాన్లు కొనిచ్చేవాళ్లు దొరికితే ఇంకెన్నో ఊళ్లలో చేస్తారట. ఈ రోజు రాచర్లలోనే ఒకటి విప్పుతున్నారు. ఎట్లా చేస్తారో నా కళ్లతో చూడాలని పోతున్నాను.

ట్రస్టు వాళ్లు అమ్మ ఫొటోతో ఫ్లెక్సీ కడతామన్నప్పుడు నీ ముఖం ఎంత వెలిగిందో చూశాను. నాగరత్నమ్మ వాళ్లకిస్తే ఎవరి పేరూ రాయరు నాయనా. నా మీద కోప్పడకు.

వనజ

మరిచిపోయాను. రెండింటికి రాచర్ల ఆటో ఉంటుంది, నువ్వూ రా. నీళ్లు పడగానే, అమ్మ పేరు తలుచుకుని మొదటి బిందె నీళ్లు నువ్వే కొట్టు.