అమ్మ ముఖం ఒక్కటే మసక

రాజపాళయం,
7-8-1958.

చిరంజీవి విజయరాఘవకు అన్న సుదర్శన ఆశీర్వాదాలు.

ఇక్కడ అందరం క్షేమమని మొదట రాయాలి గనుక రాస్తున్నాను. మీ వదిన మంగళం, పిల్లలు బాగున్నారు. వాన లేదు, గాలి మాత్రం విపరీతం. ఆడి నెల గాలికి సన్నికల్లయినా ఎగురుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు. బాగాలేనిది నా బుర్ర ఒక్కటే. అందుకు సగం కారణం నువ్వు, సగం మద్రాసులో మీ షాపువాళ్ళు నాకు అంటగట్టిన ఆ లెన్సు.

అమ్మ ఫోటో మళ్ళీ పాడైంది. నిన్న రాత్రి కడిగి చూశాను. వెనక గోడ మీది కేలండరులో అంకెలు చదవవచ్చు. కుర్చీ చేతి మీద చెక్కిన పువ్వు రేకుతో సహా కనిపిస్తోంది. అమ్మ చీర అంచు అద్దంలా ఉంది. ముఖం ఒక్కటే మసక! తడిచేత్తో ఎవరో తుడిచినట్టుంది. నాకు ఒళ్ళు మండిపోయి ఆ పూట అన్నం కూడా తినలేదు.

స్టాండు కదిలిందేమో, చేత్తో నొక్కకుండా కేబుల్‌తో నొక్కు అని పోయిన జాబులో రాశావు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదేరా. స్టాండు కింద ఇటుకలు నింపిన సంచి వేలాడదీశాను. గాలి రాకుండా కిటికీలన్నీ మూయించాను. రెండు పక్కలా పెట్రోమాక్సు దీపాలు పెట్టి ఆ వేడిలో చెమటలు కక్కాను. చీకట్లో ఫోకస్ కుదరదని మంగళం చేత వెలిగించిన ఊదుబత్తి అమ్మ కంటి పక్కన పట్టించి, ఆ నిప్పు చుక్క కెమెరా వెనక గాజు మీద సూదిమొనంత అయ్యేదాకా తిప్పాను. షట్టరు అదురు కూడా తగలకూడదని లెన్సుకు నల్ల అట్ట అడ్డం పెట్టి, షట్టరు తెరిచి, అదురు ఆగాక అట్ట తీశాను. మూడు సెకన్లూ వాచీ ముల్లు మీదే నా కళ్ళు. సేత్తూరు బస్సు పోయి నేల అదురు తగ్గేదాకా కూడా ఆగానంటే నా ఓపిక చూడు. ఇంకేం చేయమంటావు, తలకిందులుగా నిలబడనా?

అమ్మే కదిలి ఉంటుందని నువ్వంటావు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట అని కూడా రాశావు, అన్ననని చూడకుండా! మంగళం పక్కనే నిలబడి చూసింది. అత్త రవ్వంత కూడా కదలలేదని నాతో చెప్పింది. కాబట్టి తప్పు లెన్సుదే. దాని నడిమధ్యలో ఏదో దోషముంది. పగలు రంధ్రం చిన్నది చేసి తీస్తాం గనుక కనపడదు, రాత్రి పూర్తిగా తెరిస్తే బయటపడుతోంది. రేపు పార్సెలు పంపుతాను, మార్చి ఇమ్మను.

పగలే తీయవచ్చు కదా అని మళ్ళీ అడగకు. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి అమ్మ పగటి వెలుతురులో కళ్ళు తెరవలేకపోతోంది. కళ్ళు మూసుకున్న ఫోటో నాకెందుకు? అలాంటివి ఈ ఊళ్ళో నేనే ఎన్ని తీశానో! ఎవరైనా పోగానే నాకు కబురొస్తుంది. కుర్చీలో కూచోబెట్టి, దవడకు గుడ్డ కట్టి, దండ వేసి ఉంచుతారు. నేను వెళ్ళి తీసి వస్తాను. నాన్నకూ అంతేగా. బతికుండగా ఒక్క ఫోటో లేదు. పోయిన రోజున ముసలి చొక్కలింగం వచ్చి తీశాడు, మనమంతా వెనక నిలబడ్డాం. అప్పుడు నువ్వు ఏడుస్తూ నా చొక్కా పట్టుకునే ఉన్నావు.

రాఘవా, డాక్టరు మొన్న నన్ను బయటికి పిలిచి, గుండె బాగా బలహీనపడింది, మద్రాసు తమ్ముణ్ణి ఒకసారి వచ్చి చూసిపొమ్మను అన్నాడు. నాకు భయంగా ఉంది. ఫోటోగ్రాఫరునై ఉండి, నా తల్లిని కూడా ఆ విధంగానే తీయాల్సి వస్తుందా? బతికున్న ముఖం ఒక్కటి, తేటగా, గోడకు పెట్టుకోవాలని నా తాపత్రయం.

చొక్కలింగం చెక్క పెట్టెతో తీసిన నాన్న పటంలో మీసంలో వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. నా దగ్గర ఇంత సరంజామా ఉండీ చేతకాలేదంటే సిగ్గుగా లేదూ? తల ఆనుకోవడానికి వీపు ఎత్తుగా ఉంటుందని నాన్న కుర్చీలోనే అమ్మను కూచోబెట్టాను. నాన్న పటం చూపించి, అమ్మా, నాయన మాదిరి కూచో, తల ఆడించవద్దు అని ప్రతిసారీ చెప్పాను. ఆమె సరేనంటుంది. పాపం, ఆమె మీద నాకేమీ కోపం లేదు.

లెన్సు సంగతి వెంటనే తేల్చు. ఈసారి నీతులు రాయకు, పని చెయ్యి.

ఇట్లు, విసిగిపోయిన మీ అన్న,
సుదర్శన.

తా.క.: పార్సెలు కట్టమని చెబుతూ ఈ జాబు మంగళానికి చదివి వినిపించాను. డాక్టరు మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె ఏడుపు ఎత్తుకుంది. ఏమిటే అంటే, నాతో అబద్ధం చెప్పిందట. అమ్మ ప్రతిసారీ కదిలిందట, కావాలనే! నాకు చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నదట. అమ్మ తనతో అన్న మాటలను మంగళం ఉన్నవి ఉన్నట్టు చెప్పింది: మీ మామ పటం చూసినావా, అందులో పీనుగు ఒక్కటే తేటగా ఉండాది, బతికినోళ్ళము మేమంతా మసకే, వాడేమో నన్ను ఆ కుర్చీలోనే కూచోబెట్టి, నాయన మాదిరి కూచో అంటాడు, అందుకే వాడు అట్ట తీసినాడంటే నేను తల ఆడిస్తాను, నేను బతికే ఉండానని తెలియాల కదా, అని.

లేచి వెళ్ళి నాన్న పటం చూశాను. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే. నిజమేరా, నీ ముఖం, నా ముఖం, అమ్మ ముఖం అన్నీ కదిలి, చెదిరి ఉన్నాయి.

లెన్సులో తప్పేమీ లేదు, మీ షాపువాళ్ళను ఏమీ అనకు. నేను వద్దని కొట్టిపారేసిన ఆ ఫ్లాష్ బల్బులు తీసుకుని నువ్వే బయలుదేరి రా. బల్బు మీద తెల్ల చేతిరుమాలు కప్పితే ముఖం సున్నం కొట్టిన గోడలా రాదన్నావుగా. ఆమె రెప్ప వేసేలోగానే వెలిగి ఆరిపోతుంది, తల ఆడించినా ఫరవాలేదు. కుర్చీ ఇక వద్దు. నేల మీద ఆకు, వక్క ముందేసుకుని కూచుంటుంది. తనకు ఉత్తరాలు రాయడం లేదని నిన్ను తిట్టడం మొదలుపెడితే ఎలాగూ ఆగదు, అప్పుడు నొక్కుతాను.

నిన్నటి ఫోటో ఇందులో పెట్టాను. బాగా రాలేదని పారేయకు.