గేటు దగ్గరి గొడ్డలివాడు

డులూత్,
మార్చి 9

ఒరేయ్ ఆర్విడ్,

నువ్వు గేమ్ కంట్రోలర్‌ను గోడకేసి కొట్టావని మీ ఆవిడ లోర్నా ఫోన్‌లో చెప్పింది. నేనైతే రెండుసార్లు కొట్టాను. మనలా పక్షవాతం వచ్చిన చేతికి ఈ వీడియో గేమ్ మంచిదని ఫిజియోథెరపీ అమ్మాయి అన్నప్పుడు, "ముప్పై ఏళ్లు ఓడరేవులో క్రేను నడిపినవాణ్ణి, నాకు పిల్లల ఆటలా?" అని కసిరాను. ఆటలో గేటు దగ్గరుండే ఆ గొడ్డలి రాక్షసుడు నన్ను అరవైమూడుసార్లు చంపాడు.

నాకు తెలిసింది చెబుతాను. మొదటి పదిసార్లు వాణ్ణి కొట్టకు, ఊరికే చూడు. గొడ్డలి ఎత్తగానే కాదు, వాడి భుజం కదిలాకే పక్కకు దొర్లు. కంగారులో బటన్లన్నీ నొక్కావంటే ఆటలో నీ మనిషికి ఆయాసమొచ్చి అక్కడే నిలబడిపోతాడు. రెండు దెబ్బలు తగిలాయి కదా అని మూడోదానికి ఆశపడకు. నా చావుల్లో సగం ఆ ఆశవల్లే.

మా అమ్మాయి ఇంగ్రిడ్ వెనక నిలబడి, "నాన్నా, వాడికే నీ మీద జాలేస్తోంది, వదిలెయ్!" అని ఏడిపించేది. మంగళవారం వాడు కూలిపోతే నాకంటే ముందు అదే కేక పెట్టింది. తీరా చూస్తే ఆ చివరి దెబ్బ కొట్టింది, ఇక పనికిరాదనుకున్న నా కుడి బొటనవేలు.

ఇక ఆడనన్నావట. కుదరదు. గురువారం వస్తున్నాను. నువ్వు చచ్చినప్పుడల్లా పగలబడి నవ్వడానికి పక్కన ఒక మనిషి ఉండాలి.

నీ పాత క్రేను జతగాడు