మీ అన్న బండి మీద నీ పేరు

కోరుట్ల,
ఆదివారం పొద్దున.

నవనీతకు మహేందర్ రాయునది.

ఇక్కడ అవ్వ, అఖిల, నేను, మన ట్రాలీ బండి, నలుగురం బాగానే ఉన్నాం. మస్కట్‌లో నువ్వు, నీ గదిలోని ముగ్గురు అక్కలు కూడా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను. అక్కడినుంచి మన ఊరి రాజమౌళి సెలవు మీద వస్తూ తెచ్చిన నీ ఉత్తరం, సబ్బులు, అఖిల గడియారం అందాయి. అఖిల ఆ గడియారం పెట్టుకునే పడుకుంటోంది. నీ ఉత్తరాన్ని అవ్వ మళ్ళీ మళ్ళీ చదివించుకుంటే మడతల దగ్గర చినిగిపోయింది.

నేను ఉత్తరంలో పేపరువాడిలా రాస్తానని వెక్కిరించావు. ఏం చేయను? కలం పట్టుకోగానే పదో తరగతి తెలుగు సారు బెత్తం కళ్ళముందు ఆడుతుంది. ఫోను ఉండగా ఈ రాతకోతలు ఎందుకని కూడా అనుకోకు. నీ పక్కన ముగ్గురు, నా పక్కన అవ్వ, బిడ్డ. వీడియోలో నీ ముఖం చూస్తూ కొన్ని మాటలు నా నోటికి రావు.

నువ్వు అడిగినవాటికి వరుసగా చెప్తాను. అవ్వ మోకాళ్ళు చూపించడానికి జగిత్యాల తీసుకుపోయాను. డాక్టరు మందులు రాసి, మెట్లు ఎక్కొద్దన్నాడు. "మా ఇంట్ల మెట్లేడున్నయ్ సారూ, ఎక్కకుంట ఉండెతందుకు?" అని అవ్వ అడిగితే ఆయన పడీ పడీ నవ్వాడు. ఇప్పుడు నొప్పి కొంచెం తగ్గింది. అఖిలకు లెక్కల్లో యాభైకి ముప్పై ఒకటి వచ్చాయి. నేను చెప్పబోతే, "నువ్వు జెప్తె తలకెక్కది బాపూ, మామ జెప్తె ఎక్కుతది" అని పుస్తకం పట్టుకుని మీ అన్న ఇంటికి పోయింది. మీ అన్న చదివింది తొమ్మిది. నేను పది పాసయ్యాను. అయినా మల్లేశం మామే కావాలి దానికి.

మీ అన్న ప్రయాణం ఖాయమైంది. గురువారం రాత్రి విమానం, శుక్రవారం పొద్దున మస్కట్‌లో ఉంటాడు. రొట్టెల కంపెనీలో వ్యాను నడిపే పని. శుక్రవారం నీకు సెలవే కాబట్టి నేరుగా నిన్ను చూడడానికే వస్తానంటున్నాడు. ఈ ఉత్తరం ఆయన సంచిలోనే వస్తుంది, సకినాల డబ్బాకూ మామిడికాయ తొక్కుకూ మధ్యన.

ఇక నువ్వు రెండుసార్లు గీత గీసి అడిగిన ప్రశ్న. సొంత బండి, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి నలభై నాలుగేళ్ళ వయసులో పరాయి దేశంలో రొట్టెలు మోయడానికి ఎందుకు వస్తున్నాడని అడిగావు. "కిరాయి రేట్లు పడ్డయ్ అంటరు, ఎవడు పడగొట్టిండు? వాడు దొరికితే నా పేరు జెప్పి రెండు పీకు" అని రాశావు. ఆ ముక్క దగ్గరకు వచ్చేసరికి అవ్వ, "మంచిగ రాసింది కోడలు" అని మెచ్చుకుంది. నేను నీళ్ళు తాగడానికని లేచి పోయాను.

రేట్లు పడిన మాట నిజం. ఫోనులో నీకు చెప్పిన కారణాలూ నిజమే. యాప్‌లో బుక్ చేస్తే వచ్చే బండ్లు మన దాకా వచ్చేశాయి. కరీంనగర్ నుంచి కొత్త బండ్లవాళ్ళు వాపస్ ఖాళీగా పోవడం కన్నా నయమని ఎంతిస్తే అంతకు లోడు ఎత్తుకుపోతున్నారు. ఇదివరకు సిరిసిల్లలో బట్ట ఎత్తి కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి దుకాణాల్లో దించి వస్తే నాలుగు వేల రెండు వందలు వచ్చేవి. ఇప్పుడు అదే తిరుగుడుకు రెండు వేల ఆరు వందలు. డీజిలు పోను మిగిలేది టైర్ల అరుగుదలకు చాలదు. ఇవన్నీ నీకు తెలుసు. తెలియనిది ఒకటుంది. అది చెప్పాలంటే మొదట నా గుణం చెప్పాలి.

నవనీతా, మీ అన్నంటే నాకు కుళ్ళు. ఇవాళ్టిది కాదు, మన పెళ్ళిచూపుల నాటిది. వీర్నపల్లిలో మీ ఇంటి ముందు ఆయన బండి నిలబెట్టి ఉంది. వెనక తలుపు మీద ఎర్ర రంగుతో "నవనీత" అని రాసి ఉంది. నిన్ను చూడకముందే నీ పేరు ఇంకొకరి బండి మీద చూశాను. తరువాత నేనూ బండి కొన్నాను, కానీ దాని మీద ఫైనాన్సువాళ్ళ పేరే పెద్దగా కనబడుతుంది. నాకు స్టీరింగు పట్టించింది ఆయనే. లోడు తడవకుండా పైన తాటిపత్రి పరిచి మోకు బిగించడం నేర్పిందీ ఆయనే. నేను తాటిచెట్లెక్కి కల్లు గీసిన గౌండ్లాయన కొడుకును, మోకు నా రక్తంలో ఉండాలి. అయినా ఆయన కట్టిన లోడు ధర్మపురి దాకా చెక్కుచెదరదు, నేను కట్టినది మేడిపల్లి దాటకముందే వదులవుతుంది. మా బండ్ల అడ్డ మీద పెద్దమనిషి బుచ్చన్న, "మల్లేశం గట్టినట్టు గట్టరా మహేందర్" అన్నప్పుడల్లా కట్టిన ముడి విప్పి మళ్ళీ కట్టేవాణ్ణి. నువ్వు ఫోను చేసి, తిన్నావా అని నన్ను అడిగిన వెంటనే, "అన్నకు గిరాకీ ఎట్లున్నది?" అంటావు. నీకది మామూలు మాట. నేను ఫోను పెట్టేశాక కూడా అదే తలుచుకుంటూ కూర్చునేవాణ్ణి.

మన అడ్డ మీద ఒక కట్టుబాటు ఉంది, నీకూ తెలుసు. మా బాపు కాలంలో తాటిచెట్లు పంచుకున్నాక ఒకరి చెట్టు ఇంకొకరు ఎక్కేవారు కాదు. ఎండి మోడైనా సరే, ముట్టేవారు కాదు. అడ్డ మీద సగం మందిమి ఆ ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళమే కాబట్టి బండ్లకూ అదే పెట్టుకున్నాం. ఒకరి గిరాకీ దగ్గరకు ఇంకొకరు పోకూడదు, రేటు తగ్గించి అడగకూడదు. ప్రతి దసరాకు బండ్లు కడిగి, పూజ చేసి, బుచ్చన్న బండి తాళంచెవి మీద అందరం చెయ్యి వేసి ఆ మాట చెప్పుకుంటాం.

పోయిన దసరా నాడు కూడా చెప్పుకున్నాం. అఖిల బంతిపూల దండ తెచ్చి నేరుగా మామ బండికి కట్టింది. నువ్వు వీడియోలో వచ్చి, "ముందుగల్ల అన్న బండి జూపెట్టు" అన్నావు. చూపెట్టాను. "అబ్బ, పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నది" అని మురిసిపోయావు. మన బండి వైపు ఫోను తిప్పేసరికి మీ ఆస్పత్రి వార్డులో ఎవరో పిలిచారని పెట్టేశావు. నీ తప్పేమీ లేదు. డ్యూటీలో ఉన్నావు.

నేను అడ్డ పక్కనున్న పెట్రోలు బంకు వెనక్కి పోయాను. సిరిసిల్లలో మీ అన్నకు పదేళ్ళుగా లోడు ఇస్తున్న బట్టల సేఠ్ నంబరు నా దగ్గర ఉంది. వాయిస్ మెసేజి పెట్టాను. "సేఠ్, కోరుట్ల నుంచి మాట్లాడుతున్న. మల్లేశంకు నాలుగు వేల రెండొందలు ఇస్తున్నవట. నేను మూడు వేల మూడొందలకే వస్త. నా పేరు మాత్రం బయట వెట్టకు." అంతే. అడ్డ రేటు పడగొట్టింది నేనే నవనీతా. ఆ రెండూ పీకవలసింది నాకే.

అక్కడినుంచి నేరుగా వచ్చి మీ అన్న చేతిలో జమ్మి ఆకు పెట్టాను. ఆయన నన్ను దగ్గరకు తీసుకున్నాడు. ఇద్దరి ఛాతీల మధ్యన నా చొక్కా జేబులో ఫోను గుర్రుమంది. సేఠ్ సరేనన్నాడు.

నెల రోజులు ఆ లోడు నేనే కొట్టాను. మీ అన్న రేటు తగ్గించుకోనని సేఠ్ దగ్గర మానుకున్నాడు, ఎవరు గుంజుకున్నారని అడ్డ మీద ఒక్క మాట అడగలేదు. నేను నీకు, పెద్ద గిరాకీ దొరికిందని చెప్పాను. "ఇగ నువ్వు గూడ మా అన్నంత అయినవ్" అన్నావు. పదమూడేళ్ళుగా ఆ మాట కోసమే చూశాను. ఆ రోజు అఖిలకు, అవ్వకు జిలేబీ తెచ్చాను. నేను మాత్రం ఒక్క ముక్క ముట్టలేదు.

తరువాత సేఠ్ నా మెసేజినే ఇంకొకరికి వినిపించాడు. వాడు మూడు వేలన్నాడు. వాడిది విని మరొకడు ఇంకా దిగాడు. సిరిసిల్ల బజారంతా ఒకరి ఫోను ఒకరికి వినిపించుకుని అందరి కిరాయిలూ కోసేశారు. మీ అన్నకు అక్కడ ఉన్న మిగతా మూడు దుకాణాలు కూడా పోయాయి. నాదీ పోయింది. సంక్రాంతి దాటాక ఒకనాడు ఆయన మన ఇంటికి వచ్చి పాస్‌పోర్టు ఫోటోలు ఎక్కడ బాగా తీస్తారని అడిగాడు. నేనే తీసుకుపోయి తీయించాను.

మొన్న బండి అమ్మేశాడు. కొన్నవాళ్ళు వచ్చేలోపల వెనక తలుపు మీది నీ పేరు గీకేస్తానన్నాడు. "పరాయోడు నా చెల్లె పేరు వేసుకోని తిరుగుడేంది?" అని బ్లేడు పట్టుకుని కూర్చున్నాడు. నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. పద్నాలుగేళ్ళ రంగు, పొట్టు పొట్టుగా లేస్తోంది. చివరి అక్షరం దగ్గరకు వచ్చేసరికి నాకు ఆగలేదు. "బావా, నీకో ముచ్చట చెప్పాలె" అన్నాను.

తల ఎత్తకుండా, "సేఠ్ నాకు ఇనిపించిండు" అన్నాడు.

"ఎప్పుడు?"

"దసరా దాటినంక మూడు దినాలకు. పేరు చెప్పలే. నీ గొంతు నేను గుర్తువట్టనా బావా? గేరు మార్చుడు నేర్పినప్పటి నుంచి ఇంటున్న."

చెంబు నా చేతిలోనే ఉంది. నీళ్ళు అయిపోయాయి.

"మరి ఎందుకు తిట్టలే? గల్లవట్టి ఎందుకు అడగలే?"

"అడిగితె ఏమైతుండె? అఖిల నా ఇంటికి వచ్చుడు బందు జేస్తుండె. ఇగ ఇడిసిపెట్టు. నువ్వొక్కనివే పడగొట్టలే, పడేదే అది, నువ్వు జర ముందుగాల తోసినవ్. చెల్లెకు మాత్రం చెప్పకు. ఏడుస్తది." అని లేచి, తన మోకు, తాటిపత్రి తెచ్చి మన బండిలో వేశాడు. "ఇవి మంచియి. ముడి ఒక్కటి సరిగ్గ నేర్చుకో ఇగనన్న" అన్నాడు.

ఆయన కొట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఐదు నెలలు అన్నీ తెలిసి నా పక్కన కూర్చుని చాయ్ తాగాడు, నా బిడ్డకు లెక్కలు చెప్పాడు. నేను ఆ మనిషి గిరాకీని గుంజుకోగలిగాను కానీ ఆ గుణాన్ని గుంజుకోలేను. సిగ్గు ఉంది, ఏడుపు వచ్చింది, అన్నీ నిజమే. కానీ నీ దగ్గర దాచడం ఎందుకు, అన్నిటికన్నా కింద అదే కుళ్ళు ఇంకా ఉంది. ఇందులో కూడా ఆయనే నాకన్నా పైన నిలబడ్డాడు.

నిన్న అడ్డ మీద అందరి ముందర చెప్పేశాను. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. బుచ్చన్న నా బండిని వరుసలో అందరికన్నా చివర పెట్టమన్నాడు, వచ్చే దసరా దాకా అక్కడే. పెట్టాను. చివరి నంబరుకు లోడు వచ్చేసరికి సాయంత్రమవుతుంది, కొన్ని రోజులు రాదు కూడా. కాబట్టి ఇక ఫోనులో కిరాయి బాగుందని చెప్పను.

నీకు చెప్పొద్దని మీ అన్న అన్నాడు. ఆయన మాట విని ఊరుకుంటే నీ దగ్గర నా పరువు నిలబడుతుంది. కానీ దాన్ని నిలబెట్టింది కూడా మీ అన్నే అవుతాడు. అది నేను ఓర్వలేను నవనీతా. అందుకే రాస్తున్నాను. మంచి బుద్ధి పుట్టి రాస్తున్నానని అనుకోకు.

ఒక్కటి అడుగుతాను. శుక్రవారం ఆయన నీ ఎదురుగా కూర్చుంటాడు. నేను నీ ముఖం ఎదురుగా చూసి ఏడాదిన్నర అయింది, నాకన్నా ముందు ఆయన చూస్తాడు. సకినాలు తినండి, మీ ఊరి ముచ్చట్లు చెప్పుకోండి. ఈ కవరు మాత్రం ఆయన ముందర విప్పకు, ఈ ఒక్క మాట ముందే ఫోనులో కూడా చెప్తాను. నువ్వు ఏడిస్తే ఓదార్చేది కూడా ఆయనే అవుతాడు, తిట్టబోతే నా తరఫున మాట్లాడేదీ ఆయనే. రూముకు పోయి ఒక్కదానివే చదువు. చదివి, వెంటనే నాకు ఫోను చెయ్యి. అవ్వ పక్కన ఉన్నా, అఖిల పక్కన ఉన్నా, మొదటి రింగుకే ఎత్తుతాను. నీ కోపం ఒక్కటైనా నేరుగా నాకే రావాలి.

ఇట్లు,
మీ అన్నంత కాలేకపోయిన
అఖిల బాపు,
మహేందర్.