ఒంటిచేతి విత్తనం

12 మే 1985

ఈ ఊరికి వచ్చి సంవత్సరం దాటింది. కరెంటు స్తంభం మీద షాకు కొట్టి కింద పడినప్పుడు కుడి చెయ్యి పోయింది. కాంట్రాక్టరు ఆసుపత్రి గేటు దాకా వచ్చి మాయమయ్యాడు. కంబదూరు పక్కన నాయన వదిలిన చేను ఉంది కదా, దాని మీద బతికేద్దామని కదిరమ్మను నేనే ఇక్కడికి లాక్కొచ్చాను. ఉప్పు, అగ్గిపెట్టె తప్ప అంగట్లో ఏదీ కొనకూడదని నా ప్లాను. రాగులు మనవే, ఉలవలు మనవే, గుడ్లు మనవే. అంట్లు కడిగిన నీళ్లతో సొరతీగ. చెప్పడానికి బాగుంటుంది. చేసేదంతా నా పెళ్లాం కదిరమ్మే. నేను ప్లానింగ్ డిపార్ట్‌మెంటు.

13 మే

తాడు ఎడమ చేత్తో లాగడం, కాలితో తొక్కిపట్టడం, మళ్లీ లాగడం. బిందె పైకి వచ్చేసరికి సగం నీళ్లు బావిలోకే పోయాయి. కదిరమ్మ చూసి, వచ్చి రెండో బిందె తనే తోడుకుంది. ఒళ్లు మండింది.

24 మే

అటక మీద ఒక మూట ఉంది. విత్తనానికి దాచిన శెనక్కాయలు. పోయినేడు పంట ఎండిపోగా మిగిలింది అంతే. చలికాలంలో రాగులు అయిపోయినప్పుడు కూడా కదిరమ్మ ఆ మూట విప్పనివ్వలేదు. ఇవి తింటే మనమూ బెంగుళూరు పోయి మట్టి మోయల్ల అన్నది. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు, మేస్త్రీ వెనకాల. ఒంటిచేత్తో నేనేం మోస్తాను? ఆమె మోస్తుంది, నేను గుడిసెలో కూర్చొని తింటాను. అలా బతకడం నా వల్ల కాదు. ఈ మూట మొలిస్తేనే మేమిద్దరం ఇక్కడ ఉంటాం.

2 జూన్

గార్లదిన్నెలో అత్తకు జ్వరం ముదిరిందని కబురు వచ్చింది. కదిరమ్మ పొద్దుటి బస్సుకు పోయింది. రాగిపిండి ఎక్కడ ఉండాదో, కోళ్లను ఎప్పుడు మూయల్లో అన్నీ చెప్పి పోయింది. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు.

4 జూన్

మబ్బు పట్టింది. గంగప్ప వచ్చాడు. పక్క చేను అతనిదే. మాకు ఎద్దులు లేవు, అతని గొర్రుతోనే మా విత్తనం పడాలి. బదులుగా కదిరమ్మ అతని చేలో కలుపు తీస్తుంది. ఏమప్పా, ఈ తూరి వానొస్తే నేల్లో తడి, పదును శానా దినాలు నిలబడదు, ఇత్తనం ఒలిచి పెట్టుకున్నోళ్లకే ముందు గొర్రు కడతా అన్నాడు. తర్వాత నా మొండి చెయ్యి వైపు చూసి, వదిన రానీలే అన్నాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆసుపత్రి నుంచి చూస్తూనే ఉన్నాను.

5 జూన్

మూట దింపాను. కాయ వలవడం రెండు చేతుల పని అని ఇవాళే తెలిసింది. ఒక చేత్తో నొక్కితే గోరు చీలింది. రాయి పెట్టి కొడితే గింజ బద్దలైంది. పళ్లతో కొరికితే సాయంత్రానికి దవడ పడిపోయింది. ఇంతా చేస్తే చేటలో గుప్పెడు.

6 జూన్, మధ్యాహ్నం

ఉపాయం తట్టింది. కాయల మీద నీళ్లు చిలకరించి గోనెసంచి కప్పితే పొట్టు మెత్తబడుతుంది. ఆడవాళ్లు చేసేదే. కాకపోతే వాళ్లు పొద్దున తడిపి, వలిచి, ఆ రోజే చేలో వేసేస్తారు. వాన పడినాకే కాయ ఒలవల్ల అని పోయినేడే కదిరమ్మ చెప్పింది. అయితే ఏం, మబ్బు చూస్తే రేపే కొట్టేలా ఉంది. నేను చిలకరించలేదు, చెంబులతో పోశాను. ఇప్పుడు బొటనవేలితో నొక్కితే చాలు, గింజ బయటికి దూకుతోంది. యాక్సిడెంటు తర్వాత ఇంత సంతోషం లేదు. పాట కూడా పాడాను, సిగ్గులేకుండా.

9 జూన్

అయిపోయింది. ఒక్క గింజా చీలలేదు. ఉరిమి నాలుగు చినుకులు పడ్డాయి. ఆరబెట్టినవి మళ్లీ తడుస్తాయని గబగబా సంచిలోకి ఎత్తి, మూతి పళ్లతో పట్టి బిగించి కట్టాను. గంగప్పను పిలిచి సంచి తట్టి చూపించాను. సెబాసప్పా, నీ చేనికే ముందు కడతా అన్నాడు. కదిరమ్మ రావాలి. ఆమె ముఖం చూడాలి.

12 జూన్

వాన లేదు.

18 జూన్

లేదు. మబ్బు కూడా పోయింది.

21 జూన్

కదిరమ్మ నిన్న వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోనివ్వకుండా సంచి చూపించాను. ఎవురొలిచినారు అన్నది. నేనే అన్నాను. ముఖం వెలిగింది, అబద్ధం రాయను, నిజంగానే వెలిగింది. తర్వాత మూతి విప్పి లోపల చెయ్యి పెట్టింది. వెంటనే వెనక్కి లాక్కుంది. లోపల కాగుతాండాది అన్నది.

గింజలు చేటలోకి కుమ్మరిస్తే అంతా బూజు. ఒకదానికొకటి అంటుకొని ముద్దలు. తడిపినావా అని అడిగింది. ఆరకుండానే కట్టినావా అని అడిగింది. రెండింటికీ తల ఊపాను. చేట పక్కన పెట్టి పొయ్యి ముట్టించడానికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

24 జూన్

కాస్త బాగున్న గింజలు ఏరి తడిగుడ్డలో చుట్టి పెట్టింది, మొలక వస్తుందేమోనని. పొదిగే కోడిలా నేను ఆ గుడ్డ దగ్గరే కూర్చున్నాను.

28 జూన్

రాలేదు.

1 జూలై

విత్తనం అడుగుదామంటే ఎవరి మూట వాళ్లకే చాలదు. సొసైటీకి వచ్చినవి దింపకముందే అయిపోయాయట. గంగప్పకు చెప్పొద్దని కదిరమ్మను బతిమాలాను. ఒంటిచెయ్యోడు ఒలవబోయి నాశనం చేసినాడని ఊరంతా నవ్వుతుంది అన్నాను. నగేదానికైనా ఊర్లో ఎవురుండారు అన్నది.

8 జూలై

మేస్త్రీ లారీ వచ్చింది. కదిరమ్మ బెంగుళూరికి బయల్దేరుతూ నన్నూ రమ్మన్నది. ఆడ నువ్వు వంట చెయ్యి, నేను మోస్తా, సిగ్గేముండాది దీంట్లో అన్నది. రానన్నాను. ఈడుండి దేనికి కాపలా కాస్తావు అన్నది. లారీ ఎక్కే ముందు నా చొక్కా గుండీలు విప్పి సరిగ్గా పెట్టింది, ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నానట. లారీ మలుపు తిరిగాక ఏడ్చాను.

17 జూలై

సొరతీగ ఎండిపోయింది. లేని చేతి వేళ్లు దురద పెడుతున్నాయి, ఎక్కడ గోక్కోను? ఇప్పుడు పూర్తిగా సెల్ఫ్ సఫిషియెంట్. నాకు ఎవరూ లేరు, నేను ఎవరికీ అక్కర్లేదు.

29 జూలై, ఉదయం

రాత్రంతా వాన. గంగప్ప గొర్రు కట్టుకొని, తన చేను వదిలేసి ముందు మా చేనికే వచ్చాడు. ఇత్తనం తేప్పా, పదునారిపోతాది అని గట్టు మీద నుంచి పిలుస్తున్నాడు. వదిన లేకపోతే ఏమి, గొర్రు ఎనక గింజలు పోసేదానికి ఒక చెయ్యి చాలు, నువ్వే రాప్పా అంటున్నాడు.

తలుపు గడియ పెట్టుకొని కూర్చున్నాను. ఇంకా పిలుస్తున్నాడు.